చూచినది చూచినట్టు చెప్పండి



మన పల్లెల్లో ఎవరైనా ఉన్నట్టుండి స్పృహ తప్పి పడిపోతే, నీళ్లు తెచ్చేవాళ్లకంటే ముందు కారణాలు చెప్పేవాళ్లు వస్తారు. ఎండదెబ్బ అని ఒకరు, నీరసమని ఒకరు, మూర్ఛ అని ఒకరు, గాలి సోకిందని మరొకరు. అందరూ ప్రేమతోనే చెబుతారు. కాని పడిపోయిన ఆ నిమిషంలో ఏమి జరిగిందో నిదానంగా చూచి, చూచినది చూచినట్టు చెప్పేవారు అరుదు. నా భార్య అనారోగ్యానికి కారణం తెలియక పది నెలలు తిరిగిన తరువాత, అలా చెప్పే మాటకు ఎంత విలువ ఉన్నదో నాకు తెలిసింది. ఇటువంటి బాధలో ఉన్న కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆమె అనుమతితోనే ఈ సంగతులు వ్రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న సంఘం. విశ్వాసులలో ఎక్కువమంది కూలి పనులకు, మిరప కోతలకు వెళ్లేవారే. నా భార్యకు అప్పుడు 43 సంవత్సరాలు. ఇంటి పని, సండేస్కూలు, స్త్రీల కూటము, ఇంటింటి దర్శనాలు అన్నీ ఆమె చేతి మీదనే జరిగేవి. బి.పి. లేదు, షుగరు లేదు. మంచాన పడిన రోజు నాకు గుర్తు లేదు.

2022 జూలైలో ఒక శనివారం సాయంత్రం మందిరం ఊడుస్తూ పడిపోయింది. పిల్లలు కేకలు వేసేసరికే లేచి కూర్చుని, "నేనెందుకు కింద ఉన్నాను?" అని అడిగిందట. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చి నీరసమని సెలైన్ పెట్టాడు. సెప్టెంబరులో పొయ్యి దగ్గర పడింది. ఎడమ చేయి కాలింది. నేను పక్క ఊళ్లో భూస్థాపన కార్యక్రమంలో ఉన్నాను. చేతులు కాళ్లు కొట్టుకున్నాయని చూచినవాళ్లు చెప్పారు. పక్కింటి పిన్నిగారు బీరువా తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ క్షణంలోనే మెలకువ వచ్చింది గనుక, అది మూర్ఛేనని, తాళాల వల్లనే తగ్గిందని ఊరంతా అనుకున్నారు. నవంబరులో స్త్రీల కూటములో ప్రార్థన చేయడానికి లేచి, రెండు మాటలు పలికి, అలాగే ఒరిగిపోయింది.

పట్నం తీసుకొనివెళ్లాము. తలకు స్కానింగు తీశారు. మెదడు పరీక్ష చేశారు. రెండింటిలో ఏమీ కనబడలేదు. అయినా పడిపోవడం, కొట్టుకోవడం ఉన్నాయి గనుక ఫిట్సు కావచ్చునని అక్కడి డాక్టరు గారు మందులు వ్రాశారు. ఆమె విడువకుండా వేసుకుంది. మగతగా ఉండేది, నడకలో తూలు వచ్చేది. బైబిలు చదువుతూ కూర్చున్న చోటే కునుకు తీసేది. అయినా జనవరిలో మళ్లీ పడింది.

ఈలోగా ఊళ్లో మాట పుట్టింది. మా పెద్దమ్మాయికి ఒక సంబంధం దాదాపు ఖాయమయ్యే స్థితిలో ఉన్నది. తల్లికి మూర్ఛ ఉన్నదట గదా అని మధ్యవర్తి ద్వారా అడిగించి, కొన్నాళ్లు ఆగుదామన్నారు. ఆ మాట విన్న రాత్రి నా భార్య భోజనం చేయలేదు. తన జబ్బు కంటె అదే ఆమెను ఎక్కువ కుంగదీసింది. అదే వారంలో కూటాలకు వచ్చిన ఒక బోధకుడు ఇది అపవిత్రాత్మ పని అన్నాడు. మా పెద్దలలో ఒకాయన, "అయ్యగారూ, అమ్మగారిని కొంతకాలం స్త్రీల ముందు నిలబెట్టకుండా ఉంటే మంచిదేమో" అని తల వంచుకొని చెప్పాడు. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. చూచి భయపడ్డాడు.

నేను ఇంటికి వచ్చి చెబితే ఆమె ఏడవలేదు. "ఏమండీ, నాలోకి ఏదైనా వచ్చి పోతుంటే నాకు తెలియదా? నాకు కనబడేది ఒక్కటే. కళ్లకు చీకట్లు కమ్ముతాయి, చెవుల్లో హోరు వస్తుంది. తరువాత మీ ముఖాలు కనబడతాయి. మధ్యలో ఏమున్నదో మీరు చూచి చెప్పాలి గాని, నన్నడిగితే ఎట్లా?" అన్నది.

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. నేను చదివినది వేదాంత డిప్లొమా. వైద్యం నాకు తెలియదు. కాని లేఖనం తెరచి చూచాను. మత్తయి సువార్త 4వ అధ్యాయము 24వ వచనంలో ప్రభువు నొద్దకు తేబడినవారి వివరం ఉన్నది. అక్కడ దయ్యము పట్టినవారు వేరుగా, చాంద్రరోగులు వేరుగా, పక్షవాతము గలవారు వేరుగా చెప్పబడ్డారు. రెండువేల సంవత్సరాల క్రిందటి సువార్తికుడే వీటిని కలిపివేయలేదు. అటువంటప్పుడు మనమెందుకు కలుపుతాము? లూకా సంగతి చూడండి. ఆయన వైద్యుడని పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో ఉన్నది. తన సువార్త మొదట్లోనే, అన్నిటినీ మొదటినుండి జాగ్రత్తగా తరచి తెలుసుకొని వ్రాస్తున్నానని ఆయన చెప్పుకొన్నాడు. కన్నులారా చూచినవారిని విచారించడం విశ్వాసానికి విరోధం కాదు. సంఘమంతా శుక్రవారం ఉపవాస ప్రార్థన చేసింది. ఆ సోమవారమే నేను ఒక నోటుపుస్తకం కొన్నాను.

మా సంఘంలో ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సమ్మగారు ఒకరు ఉన్నారు. ఆమె నా భార్య మణికట్టు పట్టుకొని, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టింది. "అయ్యగారూ, 44 ఉన్నది. కూర్చున్న మనిషికి 60 నుండి 100 వరకు ఉండాలి. బాగా కష్టం చేసేవాళ్లకు, ఆటలాడేవాళ్లకు తక్కువ ఉండవచ్చు. కాని పడిపోయే మనిషికి ఇంత తక్కువ ఉంటే ఊరుకోకూడదు" అన్నది. నాడి ఎలా చూడాలో నాకు నేర్పింది. బొటనవేలితో చూడకూడదు, దానిలో మన నాడే తగులుతుంది. చూపుడువేలు, మధ్యవేలు ఆనించాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం కాదు, అరవై సెకండ్లూ లెక్కపెట్టాలి. మధ్యలో నాడి ఆగి మళ్లీ కొట్టుకుంటే అది కూడా వ్రాయాలి.

ఆ దినం నుండి పొద్దున, రాత్రి లెక్కపెట్టి వ్రాశాను. 46, 43, 48, 41. మేడమెట్లు ఎక్కి వచ్చినా 60 దాటేది కాదు. ఫిబ్రవరి 19 ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత నా కళ్లెదుటే పడింది. ఆ రోజు పుస్తకంలో ఇలా వ్రాసుకొన్నాను: "మధ్యాహ్నం 12.20. కుర్చీలో కూర్చొని ఉన్నది. ముఖం తెల్లగా పాలిపోయింది. నాడి అందలేదు. ఏడెనిమిది సెకండ్ల తరువాత చేతులు రెండు మూడు సార్లు ఎగిరిపడ్డాయి. నాడి తగలగానే ముఖం ఎర్రబారింది. వెంటనే కళ్లు తెరచి నన్ను పేరు పెట్టి పిలిచింది. నాలుక కరచుకోలేదు. ఎక్కడున్నదో తెలిసే ఉన్నది." మార్చి 2 గురువారం మరొకసారి జరిగింది. అదీ అలాగే వ్రాశాను.

అప్పటికి ఇ.సి.జి. మూడుసార్లు తీశారు. గుండె నెమ్మదిగా ఉన్నదే గాని వేరే దోషం లేదన్నారు. ఒకరోజంతా గుండె లయను నమోదు చేసే హోల్టర్ అనే చిన్న యంత్రం కూడా కట్టారు. ఆ రోజు ఆమె పడిపోలేదు. రిపోర్టు బాగానే వచ్చింది. "అన్నీ నార్మల్" అన్న మాట విన్నప్పుడు సంతోషించాలో దుఃఖించాలో తెలిసేది కాదు. జబ్బు ఎదుట ఉన్నది, కాగితంలో లేదు.

ఏప్రిల్‌లో గుంటూరు వెళ్లి ఒక గుండె డాక్టరు గారిని కలిశాము. ఆయన రిపోర్టుల కట్ట పక్కన పెట్టి నోటుపుస్తకం మొదటినుండి చివరివరకు చదివాడు. "పాస్టరు గారూ, ఇది ఫిట్సులా లేదు. ఫిట్సు వచ్చినవారు చాలావరకు తేరుకోవడానికి సమయం పడుతుంది, కాసేపు తికమకగా ఉంటారు. ఈమె ముఖం పాలిపోయింది, నాడి అందలేదు, నాడి రాగానే ముఖం ఎర్రబారింది, వెంటనే మాట్లాడింది. గుండె కొన్ని సెకండ్లు ఆగితే మెదడుకు రక్తం అందదు. అప్పుడు కూడా చేతులు కాళ్లు కొట్టుకుంటాయి" అని వివరించాడు.

తరువాత ఆయన అడిగిన ప్రశ్నలు నన్ను ఆశ్చర్యపరచాయి. బి.పి. మాత్రలు వేసుకుంటుందా? కంటిలో నీటికాసులకు చుక్కలు వేసుకుంటుందా? ఆ చుక్కలలో కొన్ని రక్తంలో కలిసి గుండెను నెమ్మది చేస్తాయట. నాటుమందులు ఏమైనా తిన్నదా? పైరుకు పురుగుమందు కొట్టే పనికి వెళుతుందా? పచ్చగన్నేరు విషం, కొన్ని పురుగుమందులు గుండెవేగాన్ని ప్రమాదకరంగా తగ్గిస్తాయని చెప్పాడు. థైరాయిడ్, రక్తంలో పొటాషియం పరీక్షలు చేయించాడు. ఇంటిలో ఎవరైనా చిన్న వయస్సులో అకస్మాత్తుగా చనిపోయారా అని కూడా అడిగాడు. అన్నిటికీ లేదనే జవాబు వచ్చింది.

"ఇ.సి.జి. అంటే పది సెకండ్ల ఫొటో. రోజుకు 86,400 సెకండ్లు. దొంగ వచ్చే సమయానికి మనం మేలుకొని ఉండాలి" అని, ఏడు రోజులు రొమ్ముకు అంటించి ఉంచే యంత్రం పెట్టాడు. అయిదవ రోజు తెల్లవారుజామున 4.40కి నా భార్య లేచి మంచం మీద కూర్చొని, అలాగే వెనక్కి ఒరిగింది. నాడి తగలకపోతే నాకు నోట ప్రార్థన కూడా రాలేదు. పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. యంత్రం మాత్రం తన పని చేసింది. ఆ సమయంలో ఆమె గుండె 6.8 సెకండ్లు ఆగినట్టు కాగితం మీద తిన్నని గీతగా కనబడింది. పది నెలలుగా మేము వెదకిన జవాబు ఆ గీతే.

గుండె కుడివైపు పై గదిలో లయను పుట్టించే చిన్న కణజాలం ఒకటి ఉన్నదని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు కనుగొన్నారు. ఆమెకు అది బలహీనపడి మధ్యమధ్య పని మానేస్తున్నదని డాక్టరు గారు చెప్పాడు. దానికి సిక్ సైనస్ సిండ్రోమ్ అని పేరు. "మీ చర్చి గంట బాగానే ఉన్నది. గంట కొట్టేవాడు కునుకు తీస్తున్నాడు" అన్నాడు. ఎందుకు బలహీనపడిందని అడిగితే, చాలామందిలో ప్రత్యేకమైన కారణం దొరకదని నిజం చెప్పాడు. తెలిసినది తెలిసినట్టు, తెలియనిది తెలియదన్నట్టు చెప్పిన ఆయన మాట మాకు ధైర్యమిచ్చింది.

2023 మే నెలలో పేస్‌మేకర్ అమర్చారు. అది అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఎడమవైపు మెడ ఎముక కింద చర్మం లోపల పెట్టి, సిర గుండా సన్నని తీగను గుండెలోకి పంపుతారు. మత్తు అక్కడ వరకే ఇచ్చారు, ఆమె మెలకువగానే ఉన్నది. ఆరోగ్యశ్రీ కార్డు మీద జరిగింది గనుక అప్పు చేయవలసిన అవసరం రాలేదు. ఫిట్సు మందులు ఒక్కసారిగా ఆపకుండా, డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించి మానిపించారు. కొన్ని వారాలు ఎడమ చేయి భుజం పైకి ఎత్తవద్దన్నారు. సెల్‌ఫోను రవికెలో ఆ వైపు పెట్టుకోకూడదు, కుడి చెవికి పెట్టుకొని మాట్లాడాలి. వెల్డింగు పని జరిగే చోట దగ్గరగా నిలబడకూడదు. బ్యాటరీ ఎన్నో ఏళ్లు వస్తుంది గాని, చెప్పిన గడువుకు వెళ్లి పరీక్ష చేయించుకోవాలి. ఆనాటి నుండి నేటివరకు ఆమె ఒక్కసారి కూడా పడిపోలేదు. మొదటి వారంలోనే, "ఏమండీ, నా అరిచేతులు వెచ్చగా ఉన్నాయి చూడండి" అన్నది. ఆ మాట విని నేను దేవుని స్తుతించాను.

తరువాత ఈ యంత్రాన్ని గూర్చి చదివినప్పుడు ఒక భార్య సంగతి తెలిసింది. స్వీడన్ దేశంలో ఆర్నే లార్సన్ అనే ఆయనకు గుండె లయ తప్పి రోజుకు ఇరవై ముప్పైసార్లు స్పృహ పోయేది. 1958లో ఆయన వయస్సు కూడా 43. శరీరంలో అమర్చే పేస్‌మేకర్ అప్పటికి మనుష్యులెవరికీ పెట్టలేదు. ఆయన భార్య ఎల్సె మారీ శస్త్రవైద్యుడు ఓకె సెన్నింగ్‌ను, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌ను వదలకుండా తిరిగి బతిమాలింది. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్ దగ్గర ఆయనకు ఆ యంత్రం అమర్చారు. మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది. మరొకటి పెట్టారు. ఆ తరువాత జీవితకాలంలో ఇరవైకి పైగా యంత్రాలు మార్చుకొని, తనకు ప్రాణం పోసిన ఆ ఇద్దరికంటె ఎక్కువకాలం జీవించి, 86వ యేట 2001లో వేరే జబ్బుతో ఆయన మరణించాడు. నా భార్య రొమ్ములో ఉన్న యంత్రం వెనుక ఎన్నడూ చూడని ఒక ఇల్లాలి పట్టుదల ఉన్నదని తెలిసి ఆమె కోసం కూడా కృతజ్ఞత చెల్లించాము.

ప్రియ కుటుంబములారా, స్పృహ తప్పిన ప్రతివారికీ గుండెజబ్బు ఉండదు. ఎండలో చాలాసేపు నిలబడినా, ఒంట్లో నీరు తగ్గినా, భయపడినా, రక్తం చూచినా కొందరు పడిపోతారు. వారిలో చాలామందికి ప్రమాదం లేదు. కాని కూర్చున్నప్పుడు లేక పడుకున్నప్పుడు, పని చేస్తూ ఉండగా, ఏ హెచ్చరికా లేకుండా పడిపోతే, లేక రొమ్ములో నొప్పి, గుండె దడ ఉంటే ఆలస్యం చేయవద్దు. పడినవారిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొంచెం పైకెత్తండి. మూగవద్దు, గాలి రానివ్వండి. మెలకువ రాకముందు నోట్లో నీళ్లు పోయవద్దు. తాళాలు, ఉల్లిపాయలు వెదకుతూ సమయం పోగొట్టవద్దు. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేసి, వాళ్లు చెప్పినట్టు రొమ్ము మధ్య గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి.

ఒకరు గడియారం చూడాలి. ఒకరు నాడి చూడాలి. ముఖం రంగు, చేతుల కదలిక, ఎంతసేపటికి మాట వచ్చిందో వ్రాసుకోండి. ఇంటిలోనివారు సెల్‌ఫోనులో వీడియో తీసినా డాక్టరుకు ఉపయోగమే. వేసుకొనే మాత్రలు, కంటి చుక్కలు, నాటుమందులు అన్నీ సంచిలో వేసి తీసుకొనివెళ్లండి.

ఇంకొక మాట. నా భార్యకు వచ్చినది మూర్ఛ కాదని తెలిసినప్పుడు కొందరు, "పోనీలెండి, అవమానం తప్పింది" అన్నారు. మూర్ఛ కూడా జబ్బే. మందులతో చాలామందికి అదుపులో ఉంటుంది. దానిలో అవమానం లేదు. మా అమ్మాయికి చూచిన ఆ సంబంధం తిరిగి రాలేదు. ఆమె దానికి బాధపడలేదు గాని, మూర్ఛ ఉన్న ఇళ్లలోని ఆడపిల్లల సంగతి ఏమిటి నాన్నా అని నన్నడిగింది. ఆ ప్రశ్న మన సంఘాలన్నిటి ముందు పెడుతున్నాను. పెద్దలు, స్త్రీల కూటములు దీనిని గూర్చి మాట్లాడుకోవాలి.

పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ అనేకమంది వైద్యుల దగ్గరకు తిరిగి ఉన్నదంతా ఖర్చు పెట్టుకొన్నదని మార్కు వ్రాశాడు. ఆమె చివరకు ప్రభువు ఎదుట తన సంగతి అంతా దాచకుండా చెప్పింది. ఆయన ఆమెను కసరలేదు, విన్నాడు. మీ ఇంట ఎవరైనా తమ బాధ చెప్పుకుంటుంటే మధ్యలో కారణం చెప్పకండి. ముందు వినండి. తరువాత చూడండి. చూచినది చూచినట్టు తగినవారితో చెప్పండి. మోకాళ్ల మీద ఉన్నప్పుడు ప్రభువుతోను, ఆసుపత్రిలో ఉన్నప్పుడు వైద్యునితోను నిజమే చెప్పండి.

మా ఇంటిలో ఇప్పటికీ రాత్రి ప్రార్థన ముగించిన తరువాత నేను ఆమె నాడి నిండు నిమిషం లెక్కపెడతాను. అవసరమేమీ లేదు, యంత్రం చూసుకుంటుందని ఆమె నవ్వుతుంది. మీలో ఎవరైనా జవాబు దొరకని జబ్బుతో తిరుగుతూ ఉంటే, విసుగక వెదకండి. ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని బలపరచును గాక. ఆమేన్.